మోకాలెత్తు పటాలు

ఆ గురువారం పొద్దున నతానియేలు పళ్లు తోముకుంటూనే ఆ రోజు పనంతా భార్యకు చెప్పేశాడు. బడి నుంచి రావడం, గోడలో పైపు మూత తీయడం, అందులోంచి వైరు తోయడం, ఈ చివరొక సాకెట్టు, ఆ చివరొక సాకెట్టు బిగించడం. ఒంటిపూట బళ్లు కాబట్టి మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాడు. అన్నం తిని మొదలుపెడితే టీ వేళకు అయిపోతుంది. టీ తర్వాత కాసేపు నడుం వాల్చడం కూడా అతని లెక్కలో ఉంది.

"ఎందుకండీ, ఆ ఇంటర్నెట్ ఆఫీసు సాయికుమార్‌ని పిలిస్తే పోలా?" అంది తబితా క్యారేజీ మూత బిగిస్తూ. "ఫోన్ చేస్తే వచ్చి వేసిపోతానన్నాడు."

"సాయికుమారెందుకు? ఇల్లు కట్టేటప్పుడు ముందుచూపుతో గోడలో ఖాళీ పైపు వేయించిందెవరు? నేను. అదెక్కడుందో తెలిసిందెవరికి? నాకు. అతనొచ్చి గోడలన్నీ తవ్విపోస్తే మళ్లీ రంగులెవరు వేయిస్తారు?"

తబితా గడియారం వంక చూసి బస్సుకు వెళ్లిపోయింది.

నూజివీడులో ఫిజిక్సు చెప్పే మాస్టర్లు చాలామందే ఉన్నారు గానీ, తన ఇంటి గోడలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలిగినవాడు తానొక్కడేనని నతానియేలు నమ్మకం. కొత్తింటి ప్రతిష్ఠ ప్రార్థన కూడికకు వచ్చిన ప్రతి మనిషినీ గోడ దగ్గర నిలబెట్టి, "ఇందులో పైపుంది. ఇవాళ అక్కర్లేదు, రేపు కావాల్సొస్తుంది" అని వేలితో తట్టి చూపించాడు. తట్టిన చోటు మనిషి మనిషికీ కొంచెం మారుతూ వచ్చిన సంగతి అప్పుడెవరూ గమనించలేదు.

ఆ రేపు ఇప్పుడొచ్చింది. తబితా గన్నవరం వైపు ఒక కంపెనీలో ఆసుపత్రి బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కించే పని చేస్తుంది. పొద్దున ఒక బస్సు, హనుమాన్ జంక్షన్‌లో దిగి ఇంకో బస్సు, సాయంత్రం మళ్లీ అదే తంతు. మామిడికాయల రోజులొస్తే లారీల వెనక బస్సు పాకుతుంది, సీటన్న మాట ఉండదు. నిలబడి నిలబడి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. గుమ్మం దాటాలన్నా గోడ పట్టుకుంటుంది. ఇన్నాళ్లకు కంపెనీవాళ్లు ఒక్క మనిషికి ఇంటి నుంచి పని ఇస్తామన్నారు. కాకపోతే షరతులున్నాయి. నెట్టు గాల్లో కాదు, వైరు మీద రావాలి. ఆ వైరు గోడకు గట్టిగా బిగించిన సాకెట్టులోంచి రావాలి. శనివారం సాయంత్రం అయిదింటికి శ్వేత అనే ఆఫీసరమ్మ వీడియో కాల్‌లో చూస్తుంది. బాగుందంటే సోమవారం నుంచి ఇల్లే ఆఫీసు. లేదంటే ఆ అవకాశం పక్క సీటావిడకు పోతుంది, తబితాకు మళ్లీ బస్సు కమ్మీయే గతి.

మధ్యాహ్నం అన్నం తిని నతానియేలు పక్కింటికి వెళ్లాడు. పక్కింటి నారాయణరావు మామిడికాయల వ్యాపారి. గోడౌన్‌లో కెమెరాలు పెట్టుకోవడానికి కొన్న డ్రిల్లింగ్ మిషను ఆయన దగ్గరుంది.

"వాడటం వచ్చుగా మాస్టారూ?"

"ఫిజిక్సు చెబుతానండీ నేను."

"అందుకే అడుగుతున్నా," అన్నాడు నారాయణరావు మిషను చేతికిస్తూ. "సాయంత్రానికి ఇచ్చెయ్యండి."

సాకెట్లన్నీ మోకాలి ఎత్తున ఉంటాయి కాబట్టి పైపు నోరూ మోకాలి ఎత్తునే ఉండాలి. ఇందులో అనుమానమేమీ లేదు. హాల్లో టీవీ బల్ల పక్కన మొదటి కన్నం పడింది. ఇటుక పొడి వచ్చింది, పైపు రాలేదు. మేస్త్రి జానెడు ఇటు జరిపి ఉంటాడని జానెడు ఇటు వేశాడు. అక్కడా ఇటుకే. డ్రిల్లు కన్నంలోంచి సరిగ్గా కనపడటం లేదని ఉలీ సుత్తీ తెచ్చి పిడికిలి పట్టేంత చేశాడు. పిడికిలి పట్టింది, పైపు తగల్లేదు. ఒక్కో కన్నానికీ మేస్త్రిని ఒక్కో మాట అంటూ మధ్య గదిలోకి వెళ్లాడు. అక్కడ గోడకు చెవి ఆనించి తట్టి చూస్తే ఒకచోట బోలుగా వినపడింది. సంబరంగా తవ్వాడు. తవ్వగా తవ్వగా అవతల తబితా గదిలో మంచం కోడు కనపడింది.

ఆ మంచం కోడు చూశాక అతనికి ఒక విషయం తట్టింది. రెండు చోట్ల మధ్య దగ్గర దారి తిన్నని గీత అని పిల్లలకు ఏటా చెప్పేది తానే. ఈ గోడకు అటూ ఇటూ కన్నం ఉన్నాక ఇంక పైపుతో పనేముంది? వైరును కన్నాల్లోంచి నేరుగా లాగేశాడు. లోపలి రంగురంగుల తీగలను వరస తప్పకుండా సాకెట్టులో నొక్కాడు. హాల్లో రూటర్ మీద దీపం వెలగలేదు. తీసి మళ్లీ నొక్కాడు. వెలగలేదు. ముందురోజు ఫోన్లో చూసిన వీడియోలో కుర్రాడు చెప్పిన వరస ఒకటి, తాను నొక్కిన వరస ఒకటి అని తెలుసుకుని మూడోసారి నొక్కితే పచ్చదీపం టపటపా కొట్టుకుంది. నతానియేలు ఒక్కడే ఇంట్లో నిలబడి చప్పట్లు కొట్టుకున్నాడు.

తర్వాత సాకెట్టు గోడకు బిగించబోయాడు. కన్నం సాకెట్టు కంటే పెద్దది. ప్లేటు ఊడబోయే పన్నులా వేలాడింది. దాని చుట్టూ పుట్టీ మెత్తి, ఆరితే అదే గట్టిపడుతుందని ధైర్యం చెప్పుకుని వెనక్కి తిరిగాడు. తిరిగాక గానీ ఇల్లు కనపడలేదు. హాల్లో, మధ్య గదిలో, తబితా గదిలో మోకాలి ఎత్తున వరసగా కన్నాలు. దొంగల ముఠా ఒకటి వచ్చి, ఎటునుంచి దూరాలో తేల్చుకోలేక పోయినట్టుంది.

అప్పుడు అతనికి నిజంగా భయం వేసింది. ఎందుకంటే ఈ ఇంట్లో గోడకు మేకు కొట్టకూడదన్న చట్టం అతనిదే. వాళ్ల పెళ్లికి వచ్చిన కానుకల్లో సగం బైబిలు వాక్య పటాలు. ఆ తర్వాత ఏటా కొత్త సంవత్సరానికి గుళ్లో ఇచ్చిన వాగ్దాన పటాలు. "ఒక్కటైనా తగిలిద్దామండీ" అని తబితా బతిమాలినప్పుడల్లా "మేకు కొడితే గోడ పాడైపోద్ది" అని అన్నీ అటక మీదికి ఎక్కించింది తనే. అటక గుర్తుకు రాగానే నతానియేలు నిచ్చెన వేశాడు.

సాయంత్రానికి ఇల్లు తళతళలాడింది. ఓర్పు మీద ఒక వాక్యం, నిరీక్షణ మీద ఒకటి, కుటుంబ సమాధానం మీద ఒకటి, ఒక్కో కన్నానికీ ఒక్కో పటం. వేలాడే సాకెట్టు మీద అన్నిటికంటే పెద్దది, గడియారం ఉన్నది పెట్టాడు. ఆ గడియారానికి సెల్లు లేదు గానీ కన్నం కనపడకుండా పోయింది.

తబితా చెప్పులు విడుస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇవన్నీ మీరే పెట్టారా?"

"ఊఁ."

"మేకులు కొట్టా?"

"మరి మేకు లేకుండా ఎలా నిలబడతాయి?"

ఆమె ఒక్కో పటాన్నీ చూసింది. "పెళ్లయిన దగ్గర్నుంచి అడుగుతున్నాను," అని కొంగుతో కళ్లొత్తుకుంది. నిజం నతానియేలు నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆ కళ్లు చూసి లోపలికి పోయింది.

"కాకపోతే, ఇంత కిందకి పెట్టారేంటండీ?"

"కింద అయితే దుమ్ము తుడుచుకోడానికి వీలుగా ఉంటుందని." అన్నాక గానీ తట్టలేదు, దుమ్ము తుడవాలంటే పటం తీయాలి. "నువ్వు తుడవకు. నేనే తుడుస్తా. నీ మోకాళ్లకి వంగడం మంచిది కాదు."

"మరి వైరు పనో?"

"అయిపోయింది. పుట్టీ ఆరాలి. ఆ పెద్ద పటం మాత్రం ముట్టుకోకు."

తబితా అతని జుట్టులో ఉన్న ఇటుక పొడిని కాసేపు చూసింది. "అలాగేనండీ," అని గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు శుక్రవారం తబితా గది సర్దుకోవాలని సెలవు పెట్టుకుంది. నతానియేలు బడి నుంచి వచ్చి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిస్తే, అది కొంచెం పక్కకు జరిగి ఉన్నట్టనిపించింది. వెనకంతా ఊడ్చింది కాబోలు అనుకున్నాడు. సీసా ఎత్తేలోపు వీధిలోంచి "తబితా, కాస్త కరివేపాకు ఉందా?" అంటూ సవరమ్మ వచ్చింది.

సవరమ్మ సంఘంలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. గుడి గంట వినపడని ఇళ్లకు కూడా ఆవిడ మాట వినపడుతుంది. హాల్లో పటాలు చూసి ఆగింది. చూపు ఆనదు కాబట్టి వంగింది. వంగినా అక్షరాలు అందలేదు. నడుం పట్టుకుని మెల్లగా మోకాళ్ల మీదికి దిగి, వేలితో అక్షరం అక్షరం తడుముతూ చదివింది. చదివాక లేవలేదు.

"నాకిన్నాళ్లూ ఇది తట్టలేదు నాయనా," అంది చివరికి.

"ఏంటి పిన్నిగారూ?"

"మనమంతా వాక్యాన్ని నెత్తి మీద ఎత్తున పెడతాం. నిలబడి, మెడ ఎత్తి, దొరల్లా చదువుతాం. నువ్వు మోకాళ్ల మీదికి వస్తే గానీ చదవడానికి వీల్లేకుండా పెట్టావు. మనిషి తగ్గించుకోవాలనేగా?"

నతానియేలు కాదని చెప్పడానికే నోరు తెరిచాడు. కాదంటే మరెందుకని అడుగుతుంది. అడిగితే పటం ఎత్తి చూపించాలి. తెరిచిన నోరు మూసేసి తల వంచుకున్నాడు.

"చూశావా, ఆ తగ్గింపు," అని సవరమ్మ తబితాతో అంది. తబితా కరివేపాకు తుంచుతూ "అవునండీ" అంది.

గంట తిరక్కుండా ఆడవాళ్లు రావడం మొదలెట్టారు. ఒకరు హాల్లో మోకరించారు, ఒకరు మధ్య గదిలో. చూసినవాళ్లు ఇంటికెళ్లి తమ పటాలు కిందకి దింపుకున్నారు. పొద్దుగూకే లోపు ఆ పేటలో వాక్యం తలెత్తి చూడాల్సిన ఇల్లు ఒక్కటి మిగల్లేదు. మిషను కోసం వచ్చిన నారాయణరావు, వరసగా బయటికి వస్తున్న ఆడవాళ్లకు దారిచ్చి, లోపలికొచ్చి గోడలన్నీ తీరిగ్గా చూశాడు.

"నిన్న మా అరుగు మీదే కూర్చున్నానండీ మాస్టారూ. మిషను ఎన్నిసార్లు ఆగి ఎన్నిసార్లు మోగిందో వింటూనే ఉన్నా. పటాలు సరిగ్గా అన్నే ఉన్నాయి."

నతానియేలు వీధి తలుపు దగ్గరగా వేశాడు. "ఎవరితోనూ అనకండి నారాయణరావు గారూ."

"నేనెందుకంటానండీ? ట్రేలో పై వరస మంచికాయే పేరుస్తాం, మా వ్యాపారమే అది. కింద చెయ్యి పెట్టి కెలికేవాడు ఎక్కడో ఢిల్లీ మార్కెట్లో ఉంటాడు. కాకపోతే ఒక్క మాట, పై వరస మరీ నిగనిగలాడినా అనుమానమేనండి." మిషను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

చీకటి పడుతుండగా పాస్టరు మార్టిన్ అయ్యగారే స్వయంగా వచ్చారు. ఆయన ఏ పటం దగ్గరా మోకరించలేదు గానీ, ప్రతి పటం దగ్గరా కళ్లు మూసుకున్నారు. ఆయనకు పటాలంటే మక్కువ. నిరుడు వానలు వెలిశాక గుళ్లో వేదిక వెనక గోడకు నిలువెత్తు పటం ఒకటి ఎక్కించింది ఆయనే.

"నతానియేలూ, సంఘ పెద్దల్లో ఒక చోటు ఖాళీగా ఉంది, తెలుసుగా. ఎవర్నని అడగాలా అని ప్రార్థనలో పెట్టాను. నీ గోడలు జవాబు చెప్పాయి."

నతానియేలు ఇన్నేళ్లూ గుళ్లో చివరి బల్ల మీద, ఫ్యాను కింద కూర్చుని, ఆఖరి పాట అందుకోగానే చెప్పులు వెతుక్కునే మనిషి. ఒక్కసారిగా పెద్దలు కూర్చునే ముందు బల్ల కళ్లముందు మెదిలింది. ఆ బల్ల మీద తాను, వెనక బల్ల మీద తన హెడ్మాస్టరు.

"రేపు సాయంత్రం మీ ఇంట్లో మోకాళ్ల కూడిక పెడదాం," అన్నారు అయ్యగారు. "నీ సాక్ష్యం చెప్పు. ఆదివారం పేరు ప్రకటిస్తాను."

"రేపంటే, అయిదింటికి తబితాకి ఆఫీసు వాళ్ల కాల్ ఉందండీ..."

"నాలుగింటికి మొదలెట్టి అయిదుకి ముగించేద్దాం."

ఆ సంఘం పుట్టిన దగ్గర్నుంచి గంటలో ముగిసిన కూడికను ఎవరూ ఎరగరు. నతానియేలు కూడా ఎరగడు. అయినా "సరేనండి అయ్యగారూ" అన్నాడు. పెద్దరికం ఆశ అలాగే పలికిస్తుంది.

తబితాకు చెప్పడానికి భయపడుతూనే చెప్పాడు. ఆమె కస్సుమనలేదు. "కానివ్వండి. నేను నా గదిలో తలుపు వేసుకుంటాను," అంది. తన సాకెట్టు మీద భార్యకు ఇంత నమ్మకం ఉందని అతను అనుకోలేదు. ఆ రాత్రి పుట్టీ తాకి చూస్తే ఇంకా మెత్తగానే ఉంది.

శనివారం మధ్యాహ్నం ఎండ తగ్గకముందే నతానియేలు పోతురాజు దుకాణానికి వెళ్లాడు. పోతురాజు ఊళ్లో కూడికలకూ పెళ్లిళ్లకూ జంపఖానాలు, మైకుసెట్టు అద్దెకిచ్చే మనిషి. మోకాళ్ల కూడిక కదా, కుర్చీలు వద్దన్నారు అయ్యగారు. జంపఖానాలు ఆటోలో వేయించుకుని, మైకు వెనకాల పంపమని చెప్పి నతానియేలు ఇంటికొచ్చేసరికి తబితా గది తలుపు వేసే ఉంది. అందరికంటే ముందొచ్చిన అయ్యగారు "ఫోన్లన్నీ నోరు మూయించండి" అన్నారు. నతానియేలు తన ఫోను నోరు మూయించి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగింటి కూడికకు జనం నాలుగున్నరకు కుదురుకున్నారు. పాటలయ్యాయి. ఒక్కొక్కరూ గోడల వెంట మోకాళ్ల మీద జరుగుతూ పటాలు చదివారు. గంజీర కొట్టే ఆవిడ ఒక చేత్తో గంజీర, ఒక చేత్తో నడుం పట్టుకుంది. నతానియేలు కళ్లు మాత్రం హాలు మూల బల్ల మీద రూటర్ పచ్చదీపం మీదే ఉన్నాయి. అయిదు కావస్తోంది. సాక్ష్యం క్లుప్తంగా చెప్పేసి, అందరికీ టీలిచ్చి, సందడి వీధిలోకి మళ్లించాలి. అంతలో మైకుసెట్టు వచ్చింది.

పోతురాజు ప్లగ్గు కోసం గోడలు చూశాడు. ఉన్నది ఒక్కటి, అందులో ఏదో డబ్బా తాలూకు వైరుంది. దాన్ని పీకేసి తన ప్లగ్గు పెట్టాడు. మైకు కీచుమంది. రూటర్ దీపం ఆరిపోయింది.

నతానియేలు గది తలుపు వంక చూశాడు. తలుపు అవతల తబితా తెర ముందు కూర్చుని ఉంటుంది. ఇంకో నిమిషంలో శ్వేత కాల్ వస్తుంది. రాదు, రావడానికి దారి లేదు. లేచి పరుగెడదామంటే గదినిండా మోకరించిన జనం, అడుగు పెట్టడానికి చోటు లేదు. అతనూ మోకాళ్ల మీదే ఉన్నాడు కాబట్టి, అలాగే వాళ్ల మధ్యనుంచి పాకడం మొదలుపెట్టాడు.

"చూడండమ్మా, పశ్చాత్తాపంతో ఎలా విరిగిపోయాడో," అంది సవరమ్మ మెల్లగా. ఒకామె జరిగి దారిచ్చింది. ఇంకొకామె ఏడ్చింది. నతానియేలు చెమటలు కక్కుతూ బల్ల దాకా చేరి ప్లగ్గు మీదికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చేరకముందే అయ్యగారి చెయ్యి అతని నెత్తిమీద పడింది.

అయ్యగారిది పెద్ద చెయ్యి. ప్రార్థన కూడా పెద్దదే. మైకులో సంఘాన్ని తలుచుకున్నారు, ఊరిని తలుచుకున్నారు, ఈ ఏటి మామిడి పంటను తలుచుకున్నారు, ఆ తర్వాత ఈ సహోదరుడి దగ్గరికి వచ్చారు. నతానియేలు తల ఎత్తబోతే చెయ్యి ఇంకొంచెం బిగిసింది.

"అయ్యగారూ, ఆ ప్లగ్గు..."

"కదలకు నాయనా. ఇలాంటప్పుడే సాతాను శోధన వస్తుంది."

ప్లగ్గు జానెడు దూరంలో ఉంది. ఈ చెయ్యి కింద ఇంకాసేపు కూర్చుంటే రేపు ముందు బల్ల. తబితాకు మాత్రం సోమవారం మళ్లీ బస్సు. కమ్మీ పట్టుకుని, ఒక కాలి మీది బరువు ఇంకో కాలికి మార్చుకుంటూ నిలబడ్డ మనిషి నతానియేలుకు కనపడింది. ఇన్నేళ్లలో ఒక్కరోజైనా ఆమెతో ఆ బస్సెక్కలేదని కూడా గుర్తొచ్చి సిగ్గేసింది. అయ్యగారి చెయ్యి పట్టుకుని పక్కకు తీసి లేచి నిలబడ్డాడు.

"నన్ను క్షమించండి. నేను తగ్గించుకున్నదేమీ లేదు," అని దగ్గర్లో ఉన్న పటం ఎత్తేశాడు. వెనక కన్నం. "ఇది భక్తి కాదండీ, కన్నం." పక్క పటమూ ఎత్తాడు. "ఇదీ కన్నమే. అన్నీ కన్నాలే. పైపు కనపడక నేను తవ్వినవి. కప్పెట్టడానికి పటాలు పెట్టాను. సవరమ్మ పిన్నిగారు ఏదో అనుకుంటే, బాగుంది కదా అని ఊరుకున్నాను. మా ఆవిడ బస్సులో నిలబడి మోకాళ్లు పోగొట్టుకుంది. ఆ డబ్బా ఆరిపోతే ఆవిడ బతుకు మళ్లీ బస్సుపాలవుద్ది. అందుకే పాకానండీ, ప్రార్థనకి కాదు." పోతురాజు ప్లగ్గు పీకి రూటర్ ప్లగ్గు పెట్టాడు. మైకు చచ్చిపోయింది.

సవరమ్మ మోకాళ్ల మీదే అతని వైపు తిరిగింది. "నేను నిన్న మా ఇంట్లో ఎలక కన్నం మీద పెట్టాను నాయనా, అదీ తప్పేనా?" ఇంకొకామె తమ గోడకు చెమ్మ మరక ఉందని గొణిగింది. అయ్యగారు ఎందుకో దగ్గారు. దగ్గి, "ఒప్పుకోలుకి మించిన సాక్ష్యం లేదు, టీలు తెండి," అని కూడిక ముగించేశారు.

అప్పుడు తబితా గది తలుపు తెరుచుకుంది.

"నెట్టు వచ్చిందా?" నతానియేలు ఎదురెళ్లాడు. "శ్వేత గారు చేశారా? కాస్త ఆగమని చెప్పలేకపోయావా?"

"కాల్ మూడున్నరకే అయిపోయిందండీ. ఆవిడకి ముందున్న కాల్ ఎవరిదో తప్పిపోయిందట, తొందరగా చేసేశారు. అన్నీ బాగున్నాయన్నారు. సోమవారం నుంచి ఇంట్లోనే. మీరు జంపఖానాలు పరిచేటప్పుడు మెసేజ్ కూడా పెట్టాను."

నతానియేలు ఫోను తీశాడు. మెసేజ్ ఉంది, నోరు మూసుకుని.

"మరి ఆ సాకెట్టు ఊగుతోంది కదా. ఎలా ఒప్పుకున్నారు?"

"ఆ సాకెట్టు కాదండీ." గదిలోకి తీసుకెళ్లి, బీరువా చాటున గోడలోకి పొందిగ్గా కూర్చున్న కొత్త సాకెట్టు చూపించింది. "నిన్న మీరు బడికెళ్లాక సాయికుమార్ వచ్చి వేసిపోయాడు. పైపు ఒక నోరు ఫ్రిజ్ వెనక ఉంది, ఇంకోటి ఇదిగో ఇక్కడ."

"నీకెలా తెలుసు?"

"పైపు వేయించింది మీరే. ఆ గోడ ఆరేదాకా పూటపూటా నీళ్లు కొట్టింది నేను."

నతానియేలు మంచం మీద కూలబడ్డాడు. "అయితే కన్నాల సంగతి..."

"గురువారం రాత్రే తెలుసు. పటాల కింద రాలిన పొడంతా ఎవరు ఊడ్చారనుకున్నారు?"

"మరి నాతో అనలేదేం?"

"అంటే పటాలు తీసేసేవారు."

"కాల్ అయిపోయాక ఇంతసేపూ లోపలేం చేస్తున్నావు? బయటికి రాకూడదూ?"

"మోకాళ్ల కూడికన్నారు కదండీ. నావల్ల అయ్యే పనేనా? ఇక్కడే కూర్చుని విన్నాను." తలుపు రెక్క పట్టుకుని, "చివర మీరన్నది కూడా విన్నాను," అంది. అని, హాల్లో అయ్యగారికి ఇవ్వాల్సిన మొదటి టీ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఆదివారం సంఘ పెద్దగా బాపులపాడు నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన పేరు చదివారు. నతానియేలు చివరి బల్ల మీద ఫ్యాను కింద హాయిగా ఊపిరి పీల్చుకుని, కాలితో చెప్పుల కోసం వెతుకుతున్నాడు. అంతలో అయ్యగారు ఇంకో ప్రకటన అందుకున్నారు. గుడి గోడల మరమ్మతులకు కమిటీ వేస్తున్నామనీ, గోడల విషయంలో అనుభవం గడించిన సహోదరుడు నతానియేలు దానికి కన్వీనరనీ, సవరమ్మ సభ్యురాలనీ చెప్పారు. కాదనడానికి నతానియేలు దగ్గర ముఖం లేదు.

ఆరాధన అయ్యాక కమిటీ వేదిక వెనక సమావేశమైంది. "ముందు ఇక్కడ చూద్దాం నాయనా," అంది సవరమ్మ. అయ్యగారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నతానియేలు నిలువెత్తు పటాన్ని రెండు చేతులా పట్టుకుని కొంచెం పక్కకు జరిపి, తల దూర్చి చూశాడు. గోడ అవతల వేపచెట్టు కొమ్మ మీద కూర్చున్న కాకి కూడా తల వంచి అతన్ని చూసింది.

అతను పటాన్ని యథాస్థానంలో నిలిపి, వంకర లేకుండా సరిచేసి, చేతులు దులుపుకున్నాడు. ఇంతకంటే పెద్ద పటం కొనాలన్న మరమ్మతుల కమిటీ తొలి తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.